ఏడుగురం టెక్కలి వెళ్ళాం

నేను వెళ్ళిన ఊరి పేరు రాయను. పలాసకీ సముద్రానికీ నడుమ ఉంటుంది, సుమ్మాదేవి స్టేషన్లో దిగి ఆటో ఎక్కాలి, అంతవరకే చెప్తాను. ఆ ఊళ్ళో పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, అందుకని. ఇదేం కారణం అని మీకనిపిస్తే తప్పులేదు. వెళ్ళేముందు నాకూ అలాగే అనిపించేది.

నాది బాపట్ల. హైస్కూల్లో డ్రిల్లు టీచరమ్మని. పాతికేళ్ళు కబడ్డీ ఆడీ ఆడించీ రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నాను. రెండువేల తొమ్మిదిలో ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ నన్ను తీసుకెళ్ళి ఆడపిల్లల రగ్బీ శిబిరానికి మేనేజర్ని చేశారు. అప్పటికి రగ్బీ అంటే నాకు ముక్క తెలీదు. పిల్లలతో పాటే నేర్చుకున్నాను. దాంట్లో సెవెన్స్ అని ఒక రకం. జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని పట్టుకుని ముందుకి ఎంతైనా పరుగెత్తొచ్చు, ముందుకి విసరడం మాత్రం కుదరదు. వెనక వస్తున్నదానికే అందించాలి. బంతి ఉన్నదాన్ని ఎదుటివాళ్ళు నడుం పట్టుకుని నేలకేసి కొట్టొచ్చు, అదీ రూలే! అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు.

ఆ ఏడు థాయిలాండ్‌లో ఆసియా దేశాల ఆడవాళ్ళ సెవెన్స్ పోటీ ఉంది, మన దేశం జట్టు మా శిబిరం నుంచే వెళ్ళాలి. మా శిబిరంలో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్ల దమయంతి. పందొమ్మిదేళ్ళు, ఉద్దానం నుంచి వచ్చింది. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. ఒప్పుదల కాగితం మీద అమ్మ వేలిముద్ర, డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకుంటానని ఇంటికెళ్ళి, పది రోజులైనా తిరిగి రాలేదు. పక్కింటి సెల్‌కి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి "పిల్ల రాదంట" అని పెట్టేసింది. శనివారం సాయంత్రంలోగా ఆ కాగితాలు ఫ్యాక్స్‌లో రాకపోతే ఆమె బదులు ఇంకో అమ్మాయిని విమానం ఎక్కిస్తామని పెద్దలు తేల్చి చెప్పేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ మావయ్యో పెళ్ళి చూపులు పెట్టి ఉంటాడు, వెళ్ళి నాలుగు దులిపేసి పిల్లని లాక్కొద్దామని మంగళవారం రైలెక్కాను.

పలాసలో ఒక ప్రశ్న

బుధవారం పొద్దున పలాసలో దిగగానే జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి తగిలింది. కమ్మగా ఉంది కదా అని గట్టిగా పీల్చాను, గొంతు మండి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. స్టేషన్ బయట కొట్లో జీడిపప్పు బద్దలు కిలో నూట ఎనభై అన్నాడు. మా బాపట్లలో ఆ రేటుకి పిండి కూడా రాదు. ఉత్తచేతుల్తో వెళ్ళడం ఎందుకని రెండు కిలోలు కట్టించాను. జీడితోటల ఊరికి జీడిపప్పు పట్టుకెళ్ళిన తెలివిగలవాళ్ళు నా ముందు ఎవరైనా ఉన్నారో లేదో మరి.

ప్యాసింజర్ రావడానికి గంట ఉందని టీ కొట్లో కూర్చున్నాను. పక్క బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు, భుజాల మీద తువ్వాళ్ళు, మాట్లాడుకుంటున్నారు.

"నీదెంతయినాది, బావా?"

"నాలుగున్నర. మొన్నటి దాకా మూడే ఉండీది. నీది?"

"ఆరు దాటిపోనాది. ఇంక విశాఖపట్నం ఎల్లాలంతన్నారు."

కొబ్బరితోటల లెక్క కాబోలు అనుకున్నాను. ఆరెకరాలు దాటినాయన ముఖం అంత దిగులుగా ఎందుకుందో అర్థం కాలేదు. నేను వింటున్నానని గమనించి ఆయన నావైపు తిరిగాడు. "ఏ ఊరమ్మా మీది? మీ వైపు ఎంతుంటాది?"

"మాకు పొలాలు లేవండీ, ఉద్యోగం" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పొలం కాదమ్మా. క్రియాటిన్."

మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె అది. ఒకటి లోపుంటే మంచిది, పెరిగేకొద్దీ ప్రమాదం. నాకు అదొక పరీక్ష పేరుగా తెలుసు, అంతే. ఇక్కడ టీ తాగుతూ వయసు చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నారు!

"మాకు అలాంటివి ఉండవండీ" అన్నాను. ఆ మాట ఎంత పొగరుగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ఏమీ అనుకోలేదు. "అదురుష్టవంతులు" అని టీకి డబ్బులిచ్చి లేచాడు.

కొబ్బరికాయల వరస

ఉద్దానం చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. ఆటో రోడ్డు దిగి తోటల్లోకి మళ్ళగానే ఎండ మాయమైపోయింది. కొబ్బరి, జీడి, పనస, వాటి మధ్య ఇసుక దారి, దారి పక్కన ముగ్గు వేసిన వాకిళ్ళు. ఇంత చల్లటి చోట మనుషులకి జబ్బేమిటని నమ్మబుద్ధి కాలేదు.

దమయంతి ఇంటి ముందే కనిపించింది. ఒక ట్రాక్టరుకి కొబ్బరికాయలు ఎక్కిస్తున్నారు. గుట్ట దగ్గర నుంచి ట్రాక్టరు దాకా ఆరుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరికి కాయలు విసురుతున్నారు. కాళ్ళు కదలవు. నడుం ఒక్కటే తిరుగుతుంది, కాయ పక్కదాని చేతుల్లో పడుతుంది. ఎవరూ కాయ వంక చూడరు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. శిబిరంలో ఈ విసురు నేర్పడానికి నాకు నెలరోజులు పట్టింది, దమయంతికి మాత్రం నేర్పాల్సిన పనే రాలేదు. ఎందుకో అప్పుడు తెలిసింది.

నన్ను చూసి ఆ పిల్ల చేతిలో కాయ వదిలేసింది. "మేడమ్! మీరేటి, ఇలగొచ్చేసినారు?"

వాళ్ళమ్మ ఈశ్వరమ్మ ముందు మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. టీ కొట్టు మాటలు చెవుల్లో ఉన్నాయేమో, జబ్బు ఈ నీళ్ళ వల్లేనేమోనని నా చెయ్యి గ్లాసు వైపు వెళ్ళకుండా బ్యాగులో ఉన్న సీసా వైపు వెళ్ళింది. ఈశ్వరమ్మ చూసింది. "తాగు టీచరమ్మా. ఒక్క గలాసుకి ఏటీ అవదు" అంది మెల్లగా. తల దించుకుని గ్లాసెడూ తాగాను. నేనిచ్చిన జీడిపప్పు పొట్లం విప్పి ఆమె పకపకా నవ్వింది. ఆమె చేసే పని జీడిపిక్కలు కొట్టడమేనట.

అన్నంలోకి పచ్చి జీడిపప్పు కూర, పనసపొట్టు, చారు. ఉప్పు సగమే ఉంది. ఊరగాయ లేదా అని అడిగాను, మా గుంటూరు జిల్లా నాలుక అంతే కదా. "ఇక్కడ ఎవులూ పెట్టుకోరు" అంది దమయంతి.

దారి పొడుగునా నేను వాదనలు తయారు చేసుకుని వచ్చాను. నిక్కర్లు వేసుకుంటారు, ఒకరి మీద ఒకరు పడతారు, పరాయి దేశం, ఆడపిల్ల, ఇలా ఒక్కోదానికీ జవాబు సిద్ధం. ఈశ్వరమ్మ ఒక్కటీ అడగలేదు.

"ఆడనీ. ఆల నాన్న ఉన్నన్నాళ్ళూ పరుగెత్తు పరుగెత్తు అనీవోడు. ఇమానం ఎక్కుతాదంటే నాకు సంబరం కాదేటి?" అంది. కాగితం ముందు పెట్టగానే బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా నొక్కింది. కాగితం మీద గుండ్రటి నల్లమచ్చ పడింది. గీతలు లేవు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ మచ్చే. జీడిరసానికి వేళ్ళ మీద గీతలన్నీ పోయాయి. "ఇది సాలదేటి?" అని నా మొహంలోకి చూసింది. సరిపోతుందన్నాను.

తర్వాత రెండో కాగితం తీశాను. డాక్టరు సర్టిఫికెట్టు, రక్తపరీక్ష, అందులో క్రియాటినిన్. అంతే, ఆమె మొహం మూసుకుపోయింది.

"అది మాత్రం వొద్దు."

"ఎందుకొద్దు ఈశ్వరమ్మా? అయిదు నిమిషాల పని."

"వొద్దంటే వొద్దు. అది లేకుండా తీసుకెల్లు. నేకపోతే వొదిలెయ్యి" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను దులపడానికి తెచ్చిన మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

బారువ ఇసుకలో

గురువారం తెల్లవారగానే దమయంతి నన్ను బస్సెక్కించి బారువ తీసుకెళ్ళింది. ఇసుకలో పరుగెత్తితే కాళ్ళకి బలం అని శిబిరంలో నేనే చెప్పాను. ఇంటికొచ్చాక కూడా రెండ్రోజులకోసారి ఇక్కడికొచ్చి పరుగెడుతోందట. రాను అన్న పిల్ల చేసే పనేనా ఇది?

పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, "ఎవలు తరుముతన్నారే నిన్ను?" అని కేకలేసి నవ్వుతున్నారు. నేనూ రెండు వందల గజాలు పరుగెత్తాను, పెద్ద పోజుగా. ఇసుకలో కాలు మడతపడి ఎండుచేపల చాప మీద వెళ్ళి పడ్డాను. లేవదీసింది చేపలామే, నాలుగు తిట్టిందీ చేపలామే. ఒంటికి పట్టిన ఆ వాసన బాపట్ల దాకా వచ్చింది. మోకాలు పొంగింది. బ్యాగులోంచి నొప్పి బిళ్ళ తీసి మింగాను. రోజూ మింగేదే, ఆ రోజు రెండు మింగాను.

దమయంతి పక్కన కూర్చుంది.

"అమ్మని తిట్టకండి మేడమ్. మా నాన్న బాగుణ్ణప్పుడే, ఊరికే ఓ కేంపు పెడితే రకతం ఇచ్చినాడు. కాయితం వొచ్చినాది. కాయితం వొచ్చిన రెండేళ్ళకి పోనాడు. పరీచ్చ సేయించినంతవరకూ బాగుణ్ణాడు కదా అంతాది అమ్మ."

"పరీక్ష వల్ల ఎవరైనా చనిపోతారా, పిచ్చిగానీ!"

"అమ్మకీ తెలుసు. అదొక్కటే కాదు. ముసలోలు ఎంత ఎంత అని రోడ్డు మీద ఒకల్నొకలు అడుగుతారు, ఫరవాలేదు. పెళ్ళి కావల్సిన పిల్ల రకతం ఇచ్చినాదంటే ఊరంతా ఏటనుకుంతాది? ఏదో ఉన్నాది, అందుకే ఇచ్చినాది అంతారు. మా పెద్దనాన్న కూతురు ఒక్కద్దే పలాస ఎల్లి పరీచ్చ సేయించుకొచ్చినాది. కాయితంలో ఏటీ నేదు. అయినా కుదిరిన సమందం తప్పిపోనాది."

ఏమీ లేదని కాగితం వచ్చినా సంబంధం తప్పిపోవడమా!

"నీ సంగతేంటి మరి? నీకు భయం లేదా?"

ఆ పిల్ల సముద్రం వంక చూస్తూ అంది. "ఉన్నాది. కానీ నాకు తెలుసుకోవాలనుంది మేడమ్. లోపల ఏటుందో తెలీకుండా ఆడితే, ఎవులో గట్టిగా నడుం మీద పడితే నానేటవుతాను? ఉంటే ఉంటాది, ఆట మానేత్తాను. తెలీకుండా మాత్రం ఎల్లను."

పందొమ్మిదేళ్ళ పిల్ల మాట అది. ఆ మాట నేను గుర్తుపెట్టుకుని ఉంటే మర్నాడు అంత తప్పు చేసేదాన్ని కాదు.

ఇంటికొచ్చి దమయంతి తల్లికి అదే చెప్పి, అన్నం ముట్టకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. సాయంత్రానికి పక్కింటి నుంచి వాళ్ళ మేనత్త సావిత్రమ్మ వచ్చింది. ఫోన్‌లో "పిల్ల రాదంట" అని పెట్టేసిన గొంతు ఈమెదేనని మాట వినగానే పోల్చుకున్నాను. మనిషి గడ, మాట బాకు.

"ఏటే ఈశ్వరీ, పిల్ల కడుపు ఎండగడతావా? ఒక్కద్దాన్నే పంపితే కదా నలుగురి నోట్లో పడతాది. ఎప్పుడూ సేసినట్టే సేద్దుం. అందరం ఎల్దుం" అంది.

"ఎప్పుడూ సేసినట్టు" అంటే ఏంటని అడిగాను. రేపు చూద్దువు గానీ అంది.

టెక్కలి, శుక్రవారం

పొద్దున్నే లేచి చూస్తే, ఏం చెప్పమంటారు, పెళ్ళివారిల్లు! సావిత్రమ్మ, ఇరుగుపొరుగు ముగ్గురు, ఈశ్వరమ్మ, దమయంతి, అందరూ పట్టుచీరలు కట్టి, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని సిద్ధం. ఒకామె చేతిలో పళ్ళెం, అందులో కొబ్బరికాయ, అరటిపళ్ళు, పైన జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. నాక్కూడా ఒక పట్టుచీర ఇచ్చారు. పేరంటానికి వెళ్తున్నట్టు ఊరందరికీ కనపడాలట. రక్తం ఇవ్వడానికి పట్టుచీరలా అని నేను తెల్లబోయి చూస్తుంటే సావిత్రమ్మ నా తలలోనూ పూలు దోపేసింది.

"నువ్వూ ఇయ్యాల రకతం. నువ్వు ఊరకే కూకుంటే, ఎవురి కోసం వొచ్చేమో అక్కడోలకి తెలిసిపోద్ది."

మొత్తం ఏడుగురం. పలాసలో అయితే అందరూ తెలిసినవాళ్ళేనని, ఆటో మాట్లాడుకుని టెక్కలి బయల్దేరాం. దారిలో సావిత్రమ్మ పద్ధతి చెప్పింది. బల్ల మీద వరసగా కూర్చోవాలి. పేరడిగితే ఎవరూ తమ పేరు చెప్పకూడదు, వెనకున్నదాని పేరు చెప్పాలి. చివరిది మొదటిదాని పేరు చెప్తుంది. కాగితాలు ఎవరి కంటపడినా ఏ అంకె ఎవరిదో బయటివాళ్ళకి తెలీదు. మాకు మాత్రం తెలుస్తుంది.

విని ఆశ్చర్యపోయాను. వెనకదానికే అందించాలి, ముందుకి విసరకూడదు. మా ఆట రూలే కదా ఇది అని దమయంతి వైపు చూసి నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. "మేడమ్, మరి నా సర్టిఫికెట్టుకి నా పేరు నానే సెప్పాల కదా?" అంది.

నేను జవాబు చెప్పేలోపు ఈశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి. నా చెవి దగ్గర నోరు పెట్టి అంది. "టీచరమ్మా, నీకు దండం పెడతాను. మా పిల్ల ముందర నువ్వు కూకో. పిల్ల పేరు నువ్వు సెప్పు. నీది మంచినీళ్ళు తాగిన రకతం. నీ కాయితంతో పిల్ల ఎల్లిపోతాది."

అర్థమైంది. నా రక్తం దమయంతి పేరు మీద. ఆ పిల్ల లోపల ఏమున్నా కాగితం మాత్రం బాగుంటుంది. కుదరదని చెప్పాలి. బారువలో విన్న మాట గుర్తు చేసుకోవాలి. మూత్రపిండాలు బాగాలేని పిల్ల నడుం మీద ఎవరైనా పడితే ఏమవుతుందో నాకు తెలీదా? తెలుసు. కానీ ఆ తల్లి మొహం చూశాను, శనివారం చూశాను, నా జట్టులో వేగం చూశాను. నోరు పెగల్లేదని రాస్తే అబద్ధం అవుతుంది. పెగిలింది. సరే అన్నాను.

పైగా దమయంతిని గదమాయించాను కూడా. "సర్టిఫికెట్టు సంగతి నేను చూసుకుంటా. ముందు చెప్పినచోట కూర్చో." టీచరు గొంతు కదా, పిల్ల నోరు మూసుకుంది.

ల్యాబులో సావిత్రమ్మ మొదలు, ఆ ముగ్గురు, ఈశ్వరమ్మ, ఆ తర్వాత నేను, ఆఖర్న దమయంతి. నా వంతు వచ్చింది. చెయ్యి చాపాను. "పేరు?" అన్నాడు రక్తం తీసే అతను. "దమయంతి" అన్నాను. వయసు పందొమ్మిది అన్నాను. నా తెల్లజుట్టు వంక చూసి అతను రాసుకున్నాడు. అలాంటి బేరాలు అతనికి కొత్త కాదేమో. రిపోర్టులు రేపు పొద్దున ఇస్తామన్నారు. పళ్ళెంలో అరటిపళ్ళు తింటూ వెనక్కి వచ్చేశాం.

టెక్కలి, శనివారం

మళ్ళీ ఏడుగురం, మళ్ళీ పట్టుచీరలు. అతను ఏడు కవర్లు సావిత్రమ్మ చేతిలో పెట్టాడు. ల్యాబు పక్క సందులో నీడన నిలబడి ఒక్కొక్కటే విప్పింది. సున్నా పాయింట్ తొమ్మిది. సున్నా ఎనిమిది. ఒకటి. అందరూ ఊపిరి వదులుతున్నారు. ఆరోది తీసి ఆగిపోయింది. కవరు మీద దమయంతి అని ఉంది. లోపల అంకె రెండు దాటింది, దాని కింద ఎర్రగీత.

ఈశ్వరమ్మ ఆ పేరు సావిత్రమ్మ నోట వింది. అంతే. "ఓలమ్మో, నా పిల్ల!" అని గుండెలు బాదుకుంటూ నేల మీద కూలబడింది. అయ్యో పిల్లా, అయ్యో, ఎంత పనైంది అని దమయంతిని దగ్గరికి లాక్కుని ఏడ్చేశాను. ఒట్టు, ఆ క్షణాన నాకూ ఏమీ గుర్తులేదు. కాగితం మీద ఉన్న పేరే కనిపించింది.

దమయంతి నన్ను మెల్లగా విడిపించుకుంది. సావిత్రమ్మ చేతిలోంచి ఏడో కవరు తీసి విప్పింది. దాని మీద సావిత్రమ్మ పేరుంది. సున్నా ఏడు.

"ఇది నాది. నాను అత్త పేరు సెప్పినాను" అంది. తర్వాత తల్లి వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "ఏడవకమ్మా. నా పేరు మేడమ్ సెప్పినారు. అది మేడమ్‌ది."

ఈశ్వరమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆరుగురూ నావైపు చూశారు. పలాస టీ కొట్లో ఆ పెద్దమనుషుల్ని నేను ఎలా చూశానో అచ్చం అలాగే. నాది బాపట్ల. మాకు అలాంటివి ఉండవు. పొరపాటు పడ్డారేమో, సీసాలు తారుమారయ్యాయేమో అని ఏదేదో అన్నాను. ఎవరూ కాదనలేదు. ప్రతివాళ్ళూ మొదట అనే మాటే అది కాబోలు.

సావిత్రమ్మ ఒక్కతే అడిగింది. "టీచరమ్మా, నువ్వు పొద్దూ మాపూ ఏటో మాతరలు మింగుతున్నావు. ఎన్నాళ్ళ నుంచి?"

పదేళ్ళ నుంచి. మోకాళ్ళకి. ఎవరూ రాసివ్వలేదు, మందుల షాపులో నేనే కొనుక్కునేదాన్ని. తర్వాత డాక్టరు చెప్పిందీ అదే, ఆ బిళ్ళలే నా మూత్రపిండాల్ని తినేశాయని. ఆ ఊరి నీళ్ళు గ్లాసెడు తాగడానికి జంకాను, బిళ్ళలు మాత్రం గుప్పెళ్ళతో మింగాను. ఛీ, నా తెలివి మండిపోను.

ఏడవడానికి కూడా టైము లేదు. దమయంతి పేరు మీద ఉన్న కాగితం చెడ్డది. ఆమె అసలు కాగితం మీద ఆమె పేరు లేదు. సాయంత్రంలోగా ఫ్యాక్స్. తప్పు నాదేనని దమయంతి ముందు ఒప్పుకున్నాను. "నీ మాట వినకుండా నోరు మూయించాను. క్షమించమ్మా" అన్నాను. ఆ పిల్ల, "ముందు లోపలికి పదండి మేడమ్" అంది.

మళ్ళీ ల్యాబు. ఈసారి బల్ల నిండా జనం. వాళ్ళలో ఒకామె ఈశ్వరమ్మని గుర్తుపట్టి, "ఏటి ఈశ్వరమ్మొదినా, ఇలగొచ్చినారు?" అని పలకరించింది. పక్క ఊరామె. దమయంతికి సంబంధం కలపాలని తిరుగుతున్న ఇంటి మనిషేనని తర్వాత తెలిసింది. ఈశ్వరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంక ఇంటికి పదండి అంటుందనుకున్నాను. అననీ, నేనేం చెయ్యను, నాకిప్పుడు ఏ మొహం ఉంది అనుకున్నాను.

ఆమె కూతురి భుజం పట్టుకుని తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. అతను పేరడిగాడు. గది మొత్తానికి వినబడేలా చెప్పింది.

"దమయంతి. నా కూతురు. పందొమ్మిదేళ్ళు." ఊరి పేరు కూడా చెప్పింది. "రకతం తియ్యండి. థాయిలాండు ఎల్తాది ఆటకి."

ఆ పక్క ఊరామె పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. దమయంతి చెయ్యి చాపి కూర్చుంది. నాకు ఆ తల్లి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. అంతమందిలో సిగ్గుపడి ఆగాను.

ఫ్యాక్స్ సంగతి చెప్పి బతిమాలితే రెండింటికే రిపోర్టు ఇచ్చారు. సున్నా ఏడు. కవరు మీద ఆ పిల్ల పేరే. డాక్టరు సంతకం, స్టాంపు, నాలుగింటికి ఫ్యాక్స్. శిబిరం వాళ్ళు అందిందని చెప్పారు. వాళ్ళకి ముందురోజు అబద్ధం సంగతి కూడా ఆ ఫోన్‌లోనే చెప్పేశాను. తిట్టారు, పడ్డాను.

పలాస ప్లాట్‌ఫారం

ఆ సాయంత్రం రైలుకే దమయంతీ నేనూ బయల్దేరాం. ఈశ్వరమ్మ గోనెసంచిలో పది కొబ్బరికాయలు కట్టి తెచ్చింది. మోయలేనంటే వినదు. రైలు వచ్చేలోపు నా బ్యాగు తనే తెరిచి, నొప్పి బిళ్ళల అట్టలన్నీ ఏరి, పట్టాల మీదికి విసిరేసింది.

"ఉప్పు తగ్గించు. ఊరగాయ ముట్టకు. మూడు నెలలకోపాలి రకతం ఇయ్యి. ఇచ్చి నాకు సెప్పు. ఎవుల దగ్గరా దాసీకు" అంది.

"అలాగే" అన్నాను. పిల్లని లాక్కెళ్దామని వచ్చినదానికి వాళ్ళే జాగ్రత్తలు చెప్పి పంపిస్తున్నారు.

బాపట్ల వచ్చాక మాత్రం ఆ మాట నిలబెట్టుకోలేదు. ఇంట్లో చెప్పలేదు, స్కూల్లో చెప్పలేదు. అన్నంలో ఆవకాయ మానేస్తే, కడుపులో మంట అన్నాను. పరీక్షకి వేరే ఊరు వెళ్ళాను, పేరు కూడా మార్చి చెప్పాను. పట్టుచీర ఒక్కటే తక్కువ.

థాయిలాండ్‌కి మా జట్టు వెళ్ళింది. ఆస్పత్రుల చుట్టూ తిరగాలని నేను మానుకున్నాను. పోటీ ఆఖరి రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా సెల్ మోగింది. వెనక ఒకటే గోల, ఈలలు.

"మేడమ్! అన్నీ ఓడిపోనాం మేడమ్! ఆఖరిదాంట్లో నాను ట్రై కొట్టినాను! ఇద్దరు నా నడుం పట్టుకున్నారు, అయినా ఆగలేదు నాను!" అని అరుస్తోంది. నేనూ అరిచాను. సోషల్ మాస్టారు పేపరు దించి చూశారు. మిగతా టీచర్లంతా చుట్టూ మూగి, గెలిచారా, గెలిచారా అని అడుగుతున్నారు.

గోల కాస్త తగ్గాక అటువైపు నుంచి ఆ పిల్ల మామూలు గొంతుతో అంది.

"అమ్మ అడగమన్నాది. మేడమ్, మీదెంత?"

స్టాఫ్ రూములో పదిమంది నా మొహంలోకే చూస్తున్నారు. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"రెండు పాయింట్ ఒకటి" అన్నాను, అందరికీ వినబడేలా.